బోణీ రూపాయి ఫోటో

ఇంట్లో నడవడాన్ని నిషేధించిన కోడలు జగ్గయ్యపేట మొత్తమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. పొద్దున్న కిటికీలోంచి వెలుతురు బల్ల మీద పడే ఆ కాసేపూ ఎవరూ హాల్లో తిరగకూడదు, తలుపు గట్టిగా వెయ్యకూడదు, మిక్సీ ఆడించకూడదు. తుమ్మొస్తే డాబా మీదికి వెళ్ళి తుమ్మి రావాలి. మా అత్తగారు ఈ చట్టాన్ని కొన్నాళ్ళు ఓపిగ్గానే భరించారు. ఆ తర్వాత ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, ఊపిరి పీల్చుకోవచ్చా, దానికి కూడా నిన్నడగాలా?" అన్నారు. నేను కెమెరాలోంచి తల ఎత్తకుండా, నిజంగానే ఒక్క క్షణం ఆలోచించి, "నెమ్మదిగా పీల్చుకోండత్తయ్యా" అన్నాను. ఆ మాటని ఆవిడ మా వీధిలో చెప్పని ఇల్లు లేదు.

ఇదంతా ఒక్క వెండి రూపాయి కోసం.

ముందు నా సంగతి చెప్పాలి. నేను ఫోటోలు తీస్తాను. పెళ్ళిళ్ళవి కాదు, నగలవి. అవి కూడా అసలు బంగారం కాదు, వన్ గ్రామ్ గోల్డ్. నందిగామలోనూ, కంచికచర్లలోనూ, మా ఊళ్ళోనూ ఉన్న షాపుల వాళ్ళు కొత్త సరుకు వచ్చినప్పుడల్లా అట్టపెట్టెల్లో పెట్టి పంపిస్తారు. తెల్ల చార్టు పరిచి, రెండు పక్కలా లైట్లు పెట్టి, ఒక్కో హారాన్నీ తీసి వాట్సాప్‌లో పంపిస్తాను. వాళ్ళు దాన్ని స్టేటస్‌లో పెట్టుకుంటారు. నా ఫోటో చూసి షాపుకి పరిగెత్తుకొచ్చి, తీరా హారాన్ని చూశాక మొహం ముడుచుకునే ఆడవాళ్ళున్నారని ఒక షాపాయన అన్నాడు. మెచ్చుకున్నాడో నిష్ఠూరమాడాడో తెలీదు గానీ నేను మాత్రం మెచ్చుకోలుగానే తీసుకున్నాను. నా పని మీద నాకు గర్వం ఎక్కువ. మా ఆయన దాన్ని పొగరంటాడు.

ఇక రూపాయి సంగతి. మాది కిందంతా షాపు, పైన ఇల్లు. మిర్చి, పప్పులు, బెల్లం, హోల్‌సేల్ వ్యాపారం. మా మామగారు ఆ షాపు తెరిచిన రోజున గల్లాపెట్టెలో మొదటి డబ్బు తన చేత్తో వేసుకోలేదు. మా వాళ్ళలో ఎవరూ అలా వేసుకోరు. చెయ్యి మంచిదని పేరున్న మనిషిని పిలిచి వేయిస్తారు. అలా బోణీగా పడిన డబ్బుని ఇక ఖర్చు పెట్టరు, ఇల్లు దాటనివ్వరు. ఆ రోజు మా మామగారి చుట్టాలు ఒక పెద్దమనిషిని మాట్లాడిపెట్టారట. మామగారు ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, అప్పుడే మిర్చి బస్తాల లారీ తెచ్చి ఆపిన డ్రైవర్ని పిలిచారట. "నువ్వేసెయ్యి" అన్నారట. చుట్టాలు నోళ్ళు నొక్కుకున్నారు. డ్రైవరు జేబులు తడుముకుని, మామూలు రూపాయి వెయ్యడానికి మనసొప్పక, బండి నడిపేటప్పుడు దగ్గరుంచుకోమని వాళ్ళమ్మ ఇచ్చిన పాత వెండి రూపాయిని తీసి వేశాడు.

అది నిజాం రూపాయి. పరిటాల చుట్టుపక్కల ఊళ్ళు ఒకప్పుడు నిజాం కింద ఉండేవి. చుట్టూ బ్రిటిష్ వాళ్ళు, నడుమ ఆ కాసిని ఊళ్ళు నిజాంవి. డ్రైవరు వాళ్ళమ్మది పరిటాల. ఆ రూపాయి మీద ఒక వైపు చార్మినార్ ఉంటుంది.

ఆ డ్రైవరే నాకు బాబాయి. రక్తసంబంధం కాదు. వాళ్ళ ఇల్లు నందిగామలో మా పుట్టింటి వీధిలోనే. చిన్నప్పుడు ఆయన లారీ క్యాబిన్లో కూర్చుని హారన్ కొట్టనివ్వలేదని ఏడ్చినదాన్ని. మా పెళ్ళి సంబంధం కుదిర్చింది కూడా ఆయనే. "శెట్టీ, మా వీధిలో ఒక పిల్లుంది, నోరు కాస్త ఎక్కువ, మనసు మంచిది" అని చెప్పాడట. మామగారు, "నోటి సంగతి మా ఆవిడ చూసుకుంటుందిలే" అన్నారట. లారీ మానేశాక కూడా బాబాయి ప్రతి ఆదివారం నందిగామలో బస్సెక్కి వచ్చేవాడు. షాపు బల్ల మీద ఇద్దరూ కూర్చుని మధ్యాహ్నం దాకా పోట్లాడుకునేవాళ్ళు. ఒకాయన "డ్రైవరూ" అంటాడు, రెండో ఆయన "శెట్టీ" అంటాడు. ఒకరి పేరు ఒకరికి గుర్తుందో లేదో నాకు అనుమానమే. వెళ్ళేముందు పైకొచ్చి, నందిగామలో మా వీధిలో ఎవరి మేడ మీద ఇంకో అంతస్తు లేచిందో, ఎవరి కుక్క ఎవరిని కరిచిందో అన్నీ నాకు చెప్పి వెళ్ళేవాడు. ఆ ఆదివారాల కోసం నేను ఎంత ఎదురుచూసేదాన్నో, అవి ఆగిపోయాక గానీ నాకు అర్థం కాలేదు.

ఆగిపోవడానికి కారణం యూట్యూబు. పాత నాణేల గురించి ఎవరో పెట్టిన వీడియో ఒకటి బాబాయి కంట్లో పడింది. చార్మినార్ రూపాయిలన్నీ ఒక్క నవాబువి కావట, తండ్రి కాలంలోనూ వేశారు, కొడుకు కాలంలోనూ వేశారట. చార్మినార్ గుమ్మంలో నువ్వుగింజ కంటే చిన్నగా, నవాబు పేరులోని మొదటి ఉర్దూ అక్షరం ఉంటుంది. తండ్రిదైతే గుండ్రటి తలతో ఒక అక్షరం, కొడుకుదైతే నోరు తెరిచిన కొక్కెంలా ఇంకో అక్షరం. ఆదివారం రాగానే బాబాయి గల్లాపెట్టె తీయించి, రూపాయిని వెలుతురుకి పట్టి చూశాడు. మామగారు కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని చూశారు. సంవత్సరం అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. గుమ్మంలో మాత్రం ఏదో ఉంది.

"గుండ్రంగా ఉంది చూడు శెట్టీ. తండ్రి కాలందే."

"గుండ్రం ఎక్కడుందిరా? కొక్కెంలా వంగుంటే! కొడుకుది."

"కాదంటే వినవేంది? మా అమ్మమ్మ పెళ్ళిలో వాళ్ళ నాన్న ఆమె చేతిలో పెట్టిన రూపాయి ఇది. మా అమ్మ వందసార్లు చెప్పింది. ఆ పెళ్ళినాటికి కొడుకు గద్దె ఎక్కనే లేదు."

"మీ అమ్మ చెప్పిందని నవాబు మారతాడా ఏంటి?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నేను మెట్ల మీదే ఉన్నాను, బాబాయి మొహం చూశాను. "మా అమ్మ అబద్ధం చెప్పిందంటావా?" అన్నాడు. మామగారికి వెనక్కి తగ్గడం చేతకాదు. "నేనన్నది నాణెం గురించి" అన్నారు. "నా నాణెం గురించి నాకు చెప్తున్నావా?" అన్నాడు బాబాయి. "నా పెట్టెలో ఉన్నది నీదెట్లా అవుద్దిరా?" అన్నారు మామగారు. "అయితే తిరిగిచ్చెయ్" అన్నాడు బాబాయి.

బస్తాలు దించుతున్న హమాలీలు కూడా ఆగిపోయారు. బోణీ వేసినవాడు బోణీ తిరిగి అడగడం మా బజార్లో ఎవరూ వినలేదు.  మామగారు రూపాయిని పెట్టెలో వేసి మూసి, "సరే. కోడలు ఫోటో తీస్తుంది. పెద్దది చేసి చూద్దాం. తండ్రిదని తేలితే నీ రూపాయి నువ్వు పట్టుకెళ్ళు. కొడుకుదైతే ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకు" అన్నారు. "ఫోటో వచ్చాకే ఈ గడప తొక్కుతా" అని బాబాయి వెళ్ళిపోయాడు. ఆ రోజు పైకి రాలేదు. నందిగామ కబుర్లు నాకు ఎవరూ చెప్పలేదు.

ఇద్దరూ నన్ను ఒక్కమాట అడగలేదు. అడిగినా నేను ఎగిరి ఒప్పుకునేదాన్నే లెండి. రూపాయి ఫోటో ఎంతసేపు? చెవిదిద్దుల రాళ్ళ మధ్య దుమ్ము కూడా కనపడేలా తీసేదాన్ని. సోమవారం తీస్తాను, మంగళవారం బాబాయికి ఫోన్ చేస్తాను, వచ్చే ఆదివారానికి అంతా సర్దుకుంటుంది అనుకున్నాను.

సోమవారం మామగారు రూపాయిని స్టీలు గిన్నెలో పెట్టి స్వయంగా పైకి తెచ్చి, దీపం పెట్టే వేళకి మళ్ళీ కిందికి రావాలని చెప్పి వెళ్ళారు. గుమ్మం ఒక్కటే ఫోటో నిండా రావాలంటే నా లెన్స్ ఒక్కటీ చాలదు. లెన్సుకీ కెమెరాకీ మధ్య రింగులు బిగించాలి. ఆ రింగులు పెట్టాక వెలుతురు తగ్గిపోతుంది. లైట్లు వేస్తే వెండి అద్దంలా మెరిసి గుమ్మమంతా తెల్లగా పోతోంది. కిటికీ వెలుతురే మెత్తగా ఉంది. దానికి కెమెరా లోపలి షట్టరు కాసేపు తెరిచి ఉంచాలి. కాసేపంటే మనకి రెప్పపాటే, కెమెరాకి మాత్రం అది చాలా సేపు. ట్రైపాడ్ బిగించి, కెమెరా తలకాయని కిందికి వంచి, టైమర్ పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. క్లిక్కుమంది.

కంప్యూటర్లో చూస్తే చార్మినార్ మసగ్గా ఉంది. ఒక గుమ్మం బదులు రెండు గుమ్మాలు, ఒకదాని మీద ఒకటి పడినట్టు. వాటి మధ్య ఎర్రగా, నల్లగా ఒక మచ్చ. గుండ్రమంటే గుండ్రం, కొక్కెమంటే కొక్కెం. ఎవరికి ఏది కావాలంటే అది కనపడేలా ఉంది.

మళ్ళీ తీశాను. మళ్ళీ అంతే. మంగళవారం తీశాను, బుధవారం తీశాను. నా జీవితంలో మసక ఫోటో అన్నది లేదని బజారంతా చెప్పుకున్నదాన్ని, ఒక్క రూపాయి ముందు పరువు పోగొట్టుకున్నాను. బాబాయి మామగారికి కాకుండా నాకు ఫోన్ చేసేవాడు. "వచ్చిందామ్మా?" "లేదు బాబాయ్, రేపొస్తుంది." "తొందరేం లేదులే" అని పెట్టేసేవాడు. తొందర లేనివాడు రోజూ ఎందుకు చేస్తాడు? ఆదివారం వచ్చింది. షాపు బల్ల మీద మామగారు ఒక్కరే కూర్చున్నారు. పక్కన చోటు ఖాళీగా ఉంచుకుని కూర్చున్నారు, వచ్చేపోయేవాళ్ళని అక్కడ కూర్చోనివ్వలేదు. నాకు ఆయన మీద కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి.

వణుకు ఎక్కడిదా అని వెతకడం మొదలుపెట్టాను. మొదటి ముద్దాయిలు సిమెంటు లారీలు. మా వీధి చివర్నుంచి అవి వెళ్తుంటే గూట్లో గ్లాసులు చప్పుడు చేస్తాయి. లారీలు లేని సమయం చూసి తీశాను. మసకే. రెండో ముద్దాయి ఎదురింటి పిండిమర. వాళ్ళు భోజనానికి ఆపినప్పుడు తీశాను. మసకే. మూడో ముద్దాయి మా ఆయన నడక. ఆయన మెట్లెక్కితే బస్తా ఎక్కినట్టుంటుంది. అప్పుడే నడక మీద నిషేధం పెట్టాను. ఆ తర్వాత ఫ్యాన్లు, ఫ్రిజ్, మిక్సీ, చివరికి మా అత్తగారి పూజగంట. "దేవుడికి కూడా సైలెంట్ మోడేనా?" అన్నారావిడ. ఆవిడకి నా ఫోన్లోంచి మాటలు బాగా పట్టుబడ్డాయి.

ట్రైపాడ్ కాళ్ళ కింద గోనెసంచులు వేశాను. మధ్యలో బెల్లం దిమ్మ వేలాడదీశాను, బరువుకి కదలకుండా ఉంటుందని. చీమలు వచ్చాయి గానీ ఫోటో రాలేదు.

ఇంతలో కంచికచర్లలో మా వాళ్ళింట్లో గృహప్రవేశం పడింది. నాకు తలనొప్పని చెప్పి అందర్నీ పంపించేశాను. షాపు మూశారు. ఎదురింటి వాళ్ళూ అదే గృహప్రవేశానికి వెళ్ళారు కాబట్టి పిండిమర లేదు. నా అదృష్టం కొద్దీ కరెంటు కూడా పోయింది. వీధిలో పిట్ట కదల్లేదు. ఊపిరి బిగబట్టి తీసి, కెమెరా తెర మీదే పెద్దది చేసి చూశాను.

రెండు గుమ్మాలు.

కెమెరాని తీసి కిటికీలోంచి విసిరెయ్యాలనిపించింది. కుర్చీలో కూలబడి దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఇల్లు కదల్లేదు, వీధి కదల్లేదు, నేనూ కదల్లేదు. ఇక మిగిలింది అదొక్కటే.

నా పాత జాకెట్టు మీద కుట్టిన అద్దం బిళ్ళ ఒకటి ఊడదీశాను. దాన్ని జిగురుతో లెన్సు అంచు మీద అతికించాను. కిటికీలోంచి ఎండ దాని మీద పడి, గోడ మీద చిన్న వెలుగుచుక్క నిలబడింది. చుక్క కదలకుండా ఉంది. టైమర్ పెట్టి, చెయ్యి తీసేసి గోడ వైపే చూశాను. క్లిక్ అనగానే ఆ చుక్క గంతేసింది. జానెడు పైకి లేచి, కిందికి పడి, గిజగిజలాడి, తర్వాత నిలబడింది. నేను పగలబడి నవ్వాను. ఖాళీ ఇంట్లో ఒక్కదాన్నే, ఆపుకోలేనంత నవ్వు.

కెమెరా లోపల ఒక అద్దం ఉంటుంది. ఫోటో తీసేముందు అది టపీమని పైకి లేస్తుంది. దాని వెనక షట్టరు తెర ఉంటుంది, అది సర్రున జారుతుంది. ఆ దెబ్బకి కెమెరా తన ఒళ్ళు తానే అదురుకుంటుంది. మామూలు ఫోటోల్లో ఆ అదురు ఎవరికీ కనపడదు. నగలకి లైట్లు బాగా వేస్తాను కాబట్టి షట్టరు చటుక్కున మూసుకుంటుంది, అదురు లెక్కలోకి రాదు. గుమ్మాన్ని అంత పెద్దది చేసినప్పుడు అదురూ అంత పెద్దదవుతుంది. ఇన్నాళ్ళూ మా ఆయన నడకనీ, లారీలనీ, దేవుడి గంటనీ తిట్టాను. వణికేది నా కెమెరాయే. పాపం మా అత్తగారు వారం రోజులుగా మునివేళ్ళ మీద నడిచారు.

ఆ సంగతి సాయంత్రం చెప్పాను. మా ఆయన హాల్లో ఈ చివర్నుంచి ఆ చివరికి ధన్ ధన్ మంటూ నాలుగుసార్లు నడిచి చూపించాడు. మా అత్తగారు మిక్సీలో ఏమీ వెయ్యకుండానే ఆన్ చేసి పెట్టారు.

రోగం తెలిసింది కాబట్టి మందు వెతికాను. అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచే ఏర్పాటు కెమెరాలో ఉంది. అది పెట్టాను. గోడ మీద చుక్క గంతెయ్యడం మానేసింది గానీ ఇంకా సన్నగా వణుకుతూనే ఉంది. అది షట్టరు తెర వణుకు. కొత్త కెమెరాల్లో తెర కదలకుండానే ఫోటో మొదలుపెట్టే సౌకర్యం ఉందట. నాది సెకండ్ హ్యాండ్, దానికా భాగ్యం లేదు. అప్పుడొక ఆలోచన వచ్చింది. షట్టరుని కొన్ని సెకన్ల పాటు తెరిచే ఉంచి, లెన్సు ముందు ఏదైనా నల్లటి మూత అడ్డం పెడితే? వణుకంతా మూత చాటున అయిపోతుంది. అప్పుడు మూత తీసి, ఒక్క క్షణం వెలుతురు పోనిచ్చి, మళ్ళీ పెట్టెయ్యాలి. కిటికీకి దుప్పటి కట్టి వెలుతురు తగ్గిస్తే సరిపోతుంది.

మూత లెన్సుకి తగలకూడదు, గాలి కూడా ఆడకూడదు. నేను తీసిన ప్రతిసారీ అది లెన్సు అంచుకి టక్కున తగిలింది. మా అత్తగారు కాసేపు చూసి, "అట్లా కాదే. ఇటివ్వు" అన్నారు. నల్ల కాగితం అంటించిన గిన్నె మూతని అందుకుని, పొంగుతున్న అన్నం గిన్నె మీద మూత తీసినట్టు, చప్పుడు లేకుండా పక్కకి జరిపి, మళ్ళీ పెట్టేశారు. మూత లెన్సుకి ఎక్కడా తగల్లేదు. ఆ రోజు నుంచి మా కెమెరాకి షట్టరు మా అత్తగారే. "తియ్యమంటే తీస్తా, పెట్టమంటే పెడతా. నీలాగా నడవద్దని మాత్రం అనకు" అన్నారు.

ఫోటో కంప్యూటర్లోకి రాగానే నేను కుర్చీలోంచి లేచాను. ఒక్కటే గుమ్మం. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. వెండి మీద సన్నసన్నటి గీతలు కూడా కనపడుతున్నాయి. నా జన్మలో తీసిన ఫోటోలన్నిట్లోకీ అదే గొప్పది. ఒక్క అక్షరమే లేదు.

గుమ్మంలో అక్షరం లేదు. గుండ్రంగానూ లేదు, కొక్కెంలానూ లేదు. అక్కడ వెండి నున్నగా, అరిగిన మెట్టులా ఉంది. దాని మీద అడ్డంగా, నిలువుగా గీతలు. మూలలో గట్టిపడిన ఎర్రటి పొక్కు ఒకటి. పెద్దది చేసి చూశాను. కుంకుమ. ఇద్దరు పెద్దమనుషులు విడిపోయింది ఒక కుంకుమ రేణువు గుండ్రంగా ఉందా, వంకరగా ఉందా అని.

"ఈ గీతలేంటత్తయ్యా?" అన్నాను, వెనక్కి తిరక్కుండానే. జవాబు రాలేదు. తిరిగి చూస్తే ఆవిడ మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు. మా అత్తగారి దగ్గర్నుంచి జవాబు రాకపోవడం నేను కాపురానికొచ్చాక అదే మొదటిసారి.

ప్రతి శుక్రవారం ఆవిడ గల్లాపెట్టె కడిగి, ఆ రూపాయిని చింతపండు, బూడిద పెట్టి, కొబ్బరిపీచుతో తోముతారు. తళతళా మెరిసేదాకా వదలరు. తర్వాత పసుపూ కుంకుమా పెట్టి లక్ష్మీదేవి ముందు ఉంచుతారు. షాపు తెరిచిన ఏడాది నుంచీ అంతే. అక్షరాన్ని ఏ నవాబూ చెరపలేదు. మా అత్తగారు శుక్రవారం శుక్రవారం కాస్త కాస్త తోమేశారు.

"ఆ మసకదే చూపించమ్మా" అన్నారు చివరికి, చాలా చిన్న గొంతుతో. "దాంట్లో ఏదో ఒకటి ఉన్నట్టే ఉంటుంది. ఇద్దరూ కొట్టుకుంటూ ఉంటారు. ఇది చూస్తే అన్నయ్య నన్నేమనుకుంటాడు? వాళ్ళమ్మ ఇచ్చిందాన్ని నేను అరగదీశానని తెలిస్తే?"

నాకూ ఆశ పుట్టింది, కాదనను. మసక ఫోటోలు నా దగ్గర బోలెడు. కానీ అంతకాలం తీసి తీసి చివరికి సాధించిన ఫోటోని దాచుకోవడం నా వల్ల కాదు. అదీగాక, మసక ఫోటో చూపిస్తే ఎవరో ఒకరు నెగ్గుతారు, రెండో ఆయన ఓడిపోతారు. బాబాయి నెగ్గితే రూపాయి పోతుంది. మామగారు నెగ్గితే బాబాయి వాళ్ళమ్మ మాట పోతుంది. బాబాయికి ఫోన్ చేసి, "ఫోటో వచ్చింది, రా" అన్నాను.

ఆదివారం వచ్చాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, మామగారి వైపు చూడకుండా మెట్లెక్కాడు. మామగారు వెనకే ఎక్కారు. కంప్యూటర్ ముందు ఇద్దరికీ రెండు కుర్చీలు వేశాను. చాలాసేపు చూశారు. మామగారు రెండో కళ్ళజోడు తీసేశారు, అవసరం లేకపోయింది.

"అక్షరం ఏదమ్మా?" అన్నాడు బాబాయి.

"లేదు బాబాయ్."

"మరీ గీతలేంది?"

మా అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నారు, చేతులకి తడి లేదు. "నేను తోమినవే అన్నయ్యా. నువ్విచ్చిన కాణ్ణుంచీ ప్రతి శుక్రవారం తోముతున్నా. శుభ్రంగా ఉండాలనే తోమా. ఇట్లా అవుద్దని నాకు తెలీదు" అన్నారు. ఆవిడ కళ్ళు నిండాయి. 

మామగారు కిందికి వెళ్ళారు. వచ్చేటప్పుడు గిన్నెలో రూపాయి ఉంది. దాన్ని బాబాయి అరచేతిలో పెట్టారు. "పాడుచేశాం రా. తీసుకుపో" అన్నారు. నేను ఎన్నేళ్ళుగానో వింటున్న మామగారి గొంతు కాదు అది.

బాబాయి రూపాయిని వేలితో తడిమాడు. "అక్షరం లేదు కాబట్టి మా అమ్మ అబద్ధమాడిందని ఇక ఎవడూ అనలేడు" అన్నాడు.

"నిజం చెప్పిందని కూడా అనలేరుగా" అన్నారు మామగారు. అలవాటు ఎక్కడికి పోతుంది?

బాబాయి ఆయన వైపు చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. రూపాయిని జేబులో వేసుకుని, "వస్తానమ్మా" అని నాతో మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ వారం మా ఇంట్లో ఎవరు ఎంత నడిచినా చప్పుడు లేదు. మామగారు బేరాలు వదిలేసుకున్నారు. గల్లాపెట్టె తెరిచినప్పుడల్లా చెయ్యి ముందు ఆ మూలకే వెళ్ళేది. నేను ఫోటోని చూసుకుని మురిసిపోవాల్సింది, కంప్యూటరే తెరవలేదు. ఆ చక్కటి ఫోటో తియ్యకపోయినా బావుండేదనిపించింది. నాకు ఫోటోల మీద అలాంటి ఆలోచన రావడం కూడా అదే మొదటిసారి.

శుక్రవారం పొద్దున్న మా అత్తగారు ఖాళీ గల్లాపెట్టెని కడుగుతున్నారు. కింద షాపులోంచి మామగారు నా పేరు పెట్టి అరిచారు. పరుగున వెళ్ళాను. బాబాయి షాపు బల్ల మీద, తన చోటులో కూర్చుని ఉన్నాడు. ఆదివారం కాని రోజున ఆయన్ని అక్కడ చూడటం వింతగా ఉంది.

"శుక్రవారం కదా, తోమించుకుపోదామని తెచ్చా" అన్నాడు, రూపాయిని చూపించి. "మా ఇంట్లో నాలుగు రోజులకే నల్లబడింది. మా వాళ్ళకి ఎవరికీ చేతకాదు."

మా అత్తగారు చింతపండు గిన్నెతో వచ్చి రూపాయిని అందుకున్నారు గానీ తోమడానికి చెయ్యి రావడం లేదు. నీళ్ళతో అటూ ఇటూ కడిగి ఊరుకున్నారు. "ఇంక తోమనన్నయ్యా, నాకు భయం" అన్నారు.

"అక్షరం పోయాక ఇంక పోయేదేముంది చెల్లెమ్మా? తోము" అన్నాడు బాబాయి.

ఆవిడ తోమారు. కొబ్బరిపీచు చప్పుడు షాపంతా వినపడింది. పసుపూ కుంకుమా పెట్టి ఇచ్చాక బాబాయి తన చేత్తోనే దాన్ని గల్లాపెట్టెలో వేశాడు. సాయంత్రం దాకా ఇద్దరూ బల్ల మీద కూర్చుని, నవాబు ఎవరన్నదాని మీద పాత గొడవే మొదట్నుంచీ పోట్లాడుకున్నారు. చీకటి పడే ముందు బాబాయి పెట్టె తెరిపించి, రూపాయిని జేబులో వేసుకుని నందిగామ బస్సెక్కాడు.

అప్పట్నుంచీ అంతే. రూపాయి శుక్రవారం పొద్దున్నే జగ్గయ్యపేట వస్తుంది, సాయంత్రానికి నందిగామ వెళ్ళిపోతుంది. ఆదివారం బాబాయి ఒక్కడే వస్తాడు. గురువారం రాత్రి భోజనం అయ్యాక మామగారు ఫోన్ అందుకుని, "డ్రైవరూ, రేపు శుక్రవారం" అంటారు. అవతల ఏమంటారో మాకు వినపడదు. మామగారు "ఊఁ" అని ఫోన్ పెట్టేసి, హాయిగా పడుకుంటారు.